మన ఫైలు మనోళ్ళే చదవాల: పబ్లిక్ పాలసీ పీజీ గురించి పడమటి ప్రకాశం పిల్లలకు

మార్కాపురంలోనో గిద్దలూరులోనో డిగ్రీ అయిపోయిన పిల్లల్ని "తర్వాత ఏంది?" అని అడిగితే మూడే జవాబులు వస్తాయి. బీఈడీ చేసి డీఎస్సీకి కూర్చుంటాం. గ్రూప్స్ కోచింగ్‌కి పోతాం. లేదంటే హైదరాబాద్ పోయి అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకుంటాం. మూడింట్లో ఏదీ తప్పు కాదు. కానీ నాలుగో దారి ఒకటుండాది. దాని పేరు మన కాలేజీల్లో ఎవరూ ఎత్తరు. పబ్లిక్ పాలసీ, గ్లోబల్ గవర్నెన్స్. తెలుగులో చెప్పాలంటే ప్రభుత్వ విధానం, ప్రపంచ పాలన.

నేను యూనివర్సిటీలో చదివినోణ్ణి కాదు. జీవోలు, గెజిట్లు, ట్రిబ్యునల్ తీర్పులు ధర్నా టెంట్ల కింద కూర్చొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదవడం నేర్చుకున్నోణ్ణి. ఆ నేర్చుకోడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. అదే పనిని రెండేళ్ళలో పద్ధతిగా నేర్పే చదువు ఉందని, అది మన పిల్లలకే ఎక్కువ అవసరమని చెప్పేదానికి ఇది రాస్తున్నా.

అసలు ఇదేం చదువు?

రాజనీతి శాస్త్రం "అధికారం ఎవరిది?" అని అడుగుతాది. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ "ఆఫీసు ఎట్టా నడుస్తాది?" అని అడుగుతాది. పబ్లిక్ పాలసీ అడిగే ప్రశ్న వేరు: ఒక సమస్యకు సర్కారు ఈ నిర్ణయమే ఎందుకు తీసుకుంది? దానికి ఖర్చెంత? లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఇంకో దారి ఉందా? పథకం అమలైనాక అనుకున్న ఫలితం వచ్చిందా లేదా ఎట్టా తేల్చాల?

రెండేళ్ళ కోర్సులో మామూలుగా ఉండేవి: ఆర్థికశాస్త్రం, గణాంకాలు, రాజ్యాంగం–చట్టం, బడ్జెట్ చదవడం, పథకాల ఫలితాలు కొలవడం, కొన్నాళ్ళు ఊళ్ళల్లో పని, చివర్లో ఒక పరిశోధన వ్యాసం. గ్లోబల్ గవర్నెన్స్ అంటే ఇదే ప్రశ్నల్ని దేశం దాటించి అడగడం. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ చేసే నిర్ణయాలు మన దాకా ఎట్టా వస్తాయో తెలుసుకోవడం.

"జెనీవాలో ఏం జరిగితే మనకేంది?" అనుకోబాకండి. మన ప్రాంతంలోనే మూడు ఉదాహరణలు చెప్తా.

వెలిగొండ: ఇంతకన్నా పెద్ద పాఠం లేదు

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన అయింది. శ్రీశైలం వెనక జలాల్లో కొల్లంవాగు కాడ నుంచి, నల్లమల కొండల కింద ఒక్కోటి 18.8 కిలోమీటర్లుండే రెండు సొరంగాల్లో నీళ్ళు తేవాల. వరద రోజుల్లో 43.5 టీఎంసీలు ఎత్తుకొని నల్లమల సాగర్‌లో నింపాల. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 30 మండలాలకు, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇయ్యాల. లెక్క ఇది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ తాగి పళ్ళు గారలు పట్టిన, నడుములు వంగిన ఊళ్ళకు ఇది బతుకు లెక్క.

ఇప్పుడు పాలసీ విద్యార్థి కళ్ళతో చూడండి. కృష్ణా నీళ్ళను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. వెలిగొండ ఆ నికర జలాల మీద కట్టింది కాదు, మిగులు జలాల మీద కట్టింది. మిగులు వాడుకోవచ్చు గానీ దాని మీద హక్కు ఏర్పడదని అదే తీర్పు చెప్పింది. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూల్‌లో వెలిగొండ పేరుండాది. అది మనకు చట్టం ఇచ్చిన పట్టు. అయినా 2021 జులైలో కేంద్రం ఇచ్చిన గెజిట్ మీద, వెలిగొండకు అనుమతుల సంగతేందని జిల్లాలో పెద్ద అలజడి రేగింది.

ఆ రోజుల్లో మన సభల్లో అందరూ అన్యాయం అన్నారు. ఏ కాగితంలో ఏ పేరా మన పక్షాన ఉందో చెప్పగలిగినోళ్ళు చాలా తక్కువ. అరవడం మనకొచ్చు. పేరా నంబరు చూపించి అరవడం రావాల.

ఇంకో మాట. 2024 మార్చిలో రెండు సొరంగాల్ని జాతికి అంకితం చేసినారు. ఆ రోజుకి ముంపు ఊళ్ళ పునరావాసం పూర్తి కాలేదు. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ జనం ఖాళీ చేయకుండా రిజర్వాయర్ నింపేదెట్టా? సొరంగం ఇంజనీరింగ్ విషయం. పునరావాసం 2013 భూసేకరణ చట్టం విషయం, బడ్జెట్ విషయం, మనుషుల విషయం. ఒకటి పూర్తయి ఇంకోటి ఆగితే నీళ్ళు రావు. పాలసీ చదువు నేర్పే మొదటి పాఠం ఇదే: పని ఎక్కడ ఇరుక్కుందో సరిగ్గా ఆ చోటు చూపించడం.

పొగాకు: జెనీవా నుంచి పొదిలి దాకా

పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల కాడికి బేళ్ళు తోలే రైతుకు టుబాకో బోర్డు తెలుసు. ఎంత పండించాలో అనుమతి ఇచ్చేది అదేగదా. దానికి పైన ఇంకో కాగితం ఉందని చాలామందికి తెలీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003లో ఆమోదించిన పొగాకు నియంత్రణ ఒప్పందం అది. భారతదేశం 2004 ఫిబ్రవరిలో దాన్ని ఖరారు చేసింది, 2005లో అమల్లోకి వచ్చింది. దాని పదిహేడో అధికరణం ఏం చెప్తాదంటే, పొగాకు రైతులకు, కూలీలకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాన్ని సర్కార్లు ప్రోత్సహించాల.

2016 నవంబర్‌లో ఆ ఒప్పంద దేశాల సమావేశం మన దేశంలోనే, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో జరిగింది. రైతు సంఘాలు మమ్మల్ని లోపలికి రానీయలేదని బయట నిరసన చేసినాయి. పొగాకు కంపెనీల మనుషులు రైతుల పేరుతో దూరతారనే భయం నిర్వాహకులది. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ కంపెనీ మాట కాకుండా రైతు మాటనే చెప్పగలిగే మనిషి లోపల ఉంటే, పదిహేడో అధికరణం కింద మా మెట్ట భూములకు ఏం చేసినారని అడిగి ఉండును. ఆ మనిషి మన ఊరి నుంచి తయారు కావాల.

పలక: మన పేరు దేశానికి తెలిసిన రెండో కథ

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. అదే పలక ఇంకో కారణానికి కూడా దేశానికి తెలిసింది. 1987లో జాతీయ బాల కార్మిక విధానం వచ్చింది. 1988లో దాని కింద మొదలైన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టుకు తొలి విడతలో ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. అంటే బడి పిల్లలు రాసుకునే పలకల్ని బడికి పోని పిల్లలు తయారు చేసినారు. బాల కార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన రెండు ముఖ్యమైన ఒప్పందాలు 138, 182. వాటిని భారతదేశం ఖరారు చేసింది 2017లో.

ఇక్కడ పాలసీ ప్రశ్న ఏందంటే: పిల్లలు క్వారీ నుంచి బయటికొచ్చింది చట్టం వల్లనా, ప్రత్యేక బడుల వల్లనా, ప్లాస్టిక్ వచ్చి పలకకు గిరాకీ పడిపోవడం వల్లనా? పెద్దోళ్ళ ఉపాధి ఏమైంది? ఈ ప్రశ్న మీద పరిశోధన వ్యాసం రాయదగిన విద్యార్థి మార్కాపురం పిల్లగాడో పిల్లో కాకపోతే ఇంకెవరు?

యాడ చదవొచ్చు?

హైదరాబాద్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అంటే టిస్, క్యాంపస్ ఉండాది. పబ్లిక్ పాలసీ–గవర్నెన్స్‌లో ఎంఏ అక్కడ పేరున్న కోర్సు. ప్రవేశం సీయూఈటీ పీజీ పరీక్షతో. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఉండాది, దానికి సొంత పరీక్ష. ఏ డిగ్రీ చేసినోళ్ళయినా రాయొచ్చు, లా చదివుండక్కర్లేదు. బెంగళూరులోనే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ప్రైవేటుదే అయినా కుటుంబ ఆదాయం చూసి ఫీజులో సాయం చేస్తాది. ప్రపంచ రాజకీయాల మీద మనసుంటే ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్ ఉండాది. హైదరాబాద్ గీతంలో కౌటిల్య స్కూల్ 2021లో మొదలైంది. అట్టాంటి ప్రైవేటు చోట్ల ఫీజు, స్కాలర్‌షిప్ రెండూ కాగితం మీద చూసుకున్నాకే అడుగు పెట్టండి.

ఇల్లు వదిలి పోలేని ఆడపిల్లలు, ఉద్యోగం చేస్తున్నోళ్ళు ఇగ్నోలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ చేయొచ్చు. ఆ పాఠాలు ఈజ్ఞానకోశ్ అనే వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. చేరకముందే నాలుగు పాఠాలు దించుకొని చదవండి. మీకు సరిపడుతుందో లేదో వారంలో తెలిసిపోతాది.

డబ్బు సంగతి

ఇది దాచిపెట్టి మాట్లాడేవాళ్ళని నమ్మబాకండి. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. ఒక్క జీవోతో ఎన్ని ఇళ్ళల్లో చదువు డిగ్రీ కాడే ఆగిందో! అది కూడా ఒక పబ్లిక్ పాలసీనే. మీరు చేరే ఏడాదికి ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకోండి.

ఎస్సీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. పేరున్న ఎంపిక చేసిన సంస్థల్లో చేరితే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ వేరే ఉండాది, దాని పరిమితి 8 లక్షలు. అయితే స్కాలర్‌షిప్ లేటుగా పడతాది, సంస్థ ఫీజు ముందే అడుగుతాది. ఈ సందులోనే మన పిల్లలు నలుగుతారు. 2018లో టిస్ క్యాంపస్‌లలో సమ్మె దీని మీదే జరిగింది. 2019 జులైలో హాస్టల్ ఫీజుల మీద నిరసన చేస్తే హైదరాబాద్ క్యాంపస్‌ను నిరవధికంగా మూసేసినారు. పబ్లిక్ పాలసీ నేర్పే చోటే పిల్లలు ఫీజు పాలసీ మీద కొట్లాడాల్సి వచ్చింది చూడండి. అందుకే మొదటి సెమిస్టర్ ఖర్చు చేతిలో పెట్టుకొని పోండి, చేరకముందే ఆ క్యాంపస్ సీనియర్లతో మాట్లాడండి.

విదేశాలకు పోవాలంటే కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉండాది. ఏడాదికి 125 మందికి. ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, చేతివృత్తుల వాళ్ళకు. 2022లో దానికో షరతు పెట్టినారు: భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదివే అంశాలకు ఈ డబ్బు ఇవ్వం అని. అంటే కూలీ బిడ్డ సర్కారు డబ్బుతో లండన్ పోయి తన ఊరి కులం గురించి చదవకూడదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన డబ్బుతో అంబేద్కర్ కొలంబియాకు పోయి బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పరిశోధన చేసినాడు. ఈ షరతు ఆనాడుంటే అంబేద్కర్ ఆ అంశం తీసుకోగలిగేవాడా? మీరే ఆలోచించండి.

బ్రిటన్ సర్కారు చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఏడాది పీజీకి మొత్తం ఖర్చు పెడతాది. రెండేళ్ళ పని అనుభవం కావాల. చదువైనాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాల. ఊరికి తిరిగి రావాలనుకునే వాళ్ళకు ఆ షరతు భారం కాదు.

ఉద్యోగం వస్తాదా?

వస్తాది, గానీ పిలిచి ఇచ్చేది కాదు. పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, సర్కారు సలహా బృందాలు, కన్సల్టెన్సీలు తీసుకుంటాయి. పీఆర్‌ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్ కింద డిగ్రీ అయిన కుర్రోళ్ళని ఒక ఎంపీ కాడ పార్లమెంటు పనికి పెడతాది. వయసు 25 దాటకూడదు. కేంద్ర, రాష్ట్ర సర్వీసు పరీక్షలకు కూడా ఈ చదువు పనికొస్తాది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాల. ఈ చదువు మనిషిని రెండు రకాలుగా తయారు చేస్తాది. ఏసీ గదిలో కూర్చొని ఊరిని రంగు రంగుల చార్టుగా మార్చేవాడు ఒకడు. ఊరికి దాని కాగితాల్ని తెలుగులో విప్పి చెప్పేవాడు ఇంకొకడు. జీతం మొదటోడికే ఎక్కువ. మనకు కొరత రెండోవాడిదే.

రెండోవాడు ఉంటే ఏమవుతాదో మన రాష్ట్రమే చూపించింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ తర్వాత సామాజిక తనిఖీలో ఊరి యువతకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపినారు. కూలీ పేరు చదివి "నువ్వు ఇన్ని రోజులు పని చేసినావా?" అని అడిగితే దొంగ మస్టర్లు బయటపడినాయి. ఆ పిల్లలకు పెద్ద చదువులు లేవు. కాగితం చదవడం, ప్రశ్న అడగడం నేర్పినారు, అంతే.

ఈ నెలలోనే మొదలు పెట్టండి

ఒకటి, మీ ఊరి సమస్య ఒక్కటే తీసుకోండి. తాగునీటి ట్యాంకర్ బిల్లులు, హాస్టల్ మెస్ చార్జీలు, చెంచు గూడెంలో అటవీ హక్కు పట్టాలు, ఏదైనా సరే. రెండు, దాని జీవో, బడ్జెట్ పద్దు వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబియ్యాల. మూడు, రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి తెలుగులో పది వాక్యాలు రాయండి. తెలుగు మీడియం అనేది అడ్డంకి నిజమే, గోడ మాత్రం కాదు. నాలుగు, పదో తరగతి లెక్కలు, శాతాలు, సగటు మళ్ళీ తిరగేయండి, గణాంకాలకు అదే పునాది.

కంభం చెరువును విజయనగర రాజుల కాలంలో కట్టినారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. వందల ఏళ్ళ కింద ఈ గడ్డ మీద నీళ్ళ లెక్క తెలిసినోళ్ళు ఉండారు. ఇప్పుడు ఆ లెక్క విజయవాడ, ఢిల్లీ ఆఫీసుల్లో ఫైళ్ళల్లో ఉండాది. ఏటా మన మండలానికి ఇద్దరు పిల్లలు ఈ చదువుకు పోతే చాలు, పదేళ్ళకు ఆ ఫైలు తెరిచి చదివేవాళ్ళు మన మధ్య ఇరవై మంది ఉంటారు. అప్పుడు మన అర్జీని చెత్తబుట్టలో వేసేదానికి ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు.