సహజమా? అపథ్యమా?

సుమారు నలభై ఏళ్ళ కిందటి మాట. తెలుగు పండితునిగా ఉద్యోగంలో చేరిన కొత్త. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు గంటకు రెండుసార్లు లేచి మంచినీళ్ళకనీ, బయటికనీ అనుమతి అడిగేవాడు. పద్యం అప్పజెప్పడం తప్పించుకోవడానికి ఇదొక ఎత్తు అనుకొని, ఒకనాడు బెంచీ ఎక్కించి నిలబెట్టాను. మూడు వారాలు తిరక్కుండా ఆ పిల్లవాడు చిక్కి శల్యమై, వాంతులతో, ఎగశ్వాసతో పట్నం ఆసుపత్రికి చేరాడు. మధుమేహం అన్నారు. ఇన్సులిన్ పుణ్యమా అని బ్రతికాడు.

బెల్లం, మిఠాయిలు పెట్టి చెడగొట్టిందని చుట్టాలు, పుట్టింటి రక్తమే అంత అని అత్తగారు, అందరూ ఆ తల్లినే అన్నారు. "మేం చేసిన తప్పేమిటండీ మాస్టారూ?" అని ఆవిడ నన్నడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకొని కూర్చుకొన్న సమాధానమే ఈ టపా.

సుశ్రుత సంహిత ప్రమేహాన్ని రెండుగా విభజించింది. ఒకటి సహజం, అనగా పుట్టుకతో కూడ వచ్చినది. రెండవది అపథ్యనిమిత్తజం, అనగా తిండి, నడవడుల వలన కలిగినది. మొదటి రోగి కృశించి, దప్పికతో ఉంటాడు. రెండవవాడు స్థూలకాయుడు, తిండిపుష్టి కలవాడు. మన పూర్వులకు అన్నీ ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ పరిశీలన మాత్రం మెచ్చదగినది. అయితే సహజానికి కారణం తల్లిదండ్రుల బీజదోషమన్నారు. నింద అక్కడినుంచే మొదలైంది.

1869లో బెర్లిన్ విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో దీవులవంటి కణాల గుంపులను గుర్తించాడు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. 1922 జనవరిలో టొరాంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకు ముందు ఇటువంటి పిల్లలను అర్ధాకలితో ఉంచి కొంతకాలం నిలపడం తప్ప వైద్యం లేదు.

1936లో లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ మధుమేహులలో ఇన్సులిన్‌కు లొంగేవారు, లొంగనివారు అని రెండు తెగలున్నట్లు చూపాడు. సుశ్రుతుని విభజన మరో రూపంలో తిరిగి వచ్చినట్లయింది. 1965లో బెల్జియం శాస్త్రజ్ఞుడు గెప్ట్స్, వ్యాధి సోకిన కొద్దికాలానికే మరణించిన యువకుల క్లోమంలో ఆ దీవులను తెల్లకణాలు ముట్టడించి ఉండటం చూశాడు. 1974లో బొటాజో, డోనియాక్ బృందం ఆ దీవులకు ఎదురుతిరిగిన ప్రతిరక్షకాలను రక్తంలో కనుగొంది. అంటే కంచే చేను మేసింది. శరీరాన్ని కాపాడవలసిన బలగమే ఇన్సులిన్ తయారుచేసే కణాలను శత్రువులనుకొని తుదముట్టించింది. బెల్లానికి ఇందులో ప్రమేయం లేదు.

మరి ఎవరికి వస్తుంది? వంశానికి కొంత పాత్ర ఉన్నది. 1970లలోనే హెచ్‌.ఎల్‌.ఏ. అనే జన్యువులతో సంబంధం బయటపడింది. తండ్రికి ఈ వ్యాధి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి 6. తల్లికి ఉంటే సుమారు 3 మాత్రమే. అత్తగార్లు గమనింతురు గాక! పైగా కొత్తగా వ్యాధి సోకినవారిలో నూటికి 85 మందికి పైగా దగ్గరి బంధువులెవరికీ అది ఉండదు. రూపంలో తేడా లేని కవలలలో ఒకరికి వచ్చినా రెండవవారికి తప్పక రావాలని లేదు.

కనుక బీజంతో పాటు క్షేత్రమూ ఉండాలి. ప్రపంచంలో ఈ వ్యాధి అత్యధికంగా ఉన్న ఫిన్లండ్‌లో ఏటా లక్షమంది పిల్లలలో 50 మందికి పైగా దీని పాలబడుతున్నారు. సరిహద్దుకు ఆవల రష్యాలోని కరేలియాలో జన్యువులు దాదాపు అవే అయినా వ్యాధి ఆరోవంతే కనిపించింది. ఎంటెరోవైరస్‌ల మీద అనుమానం బలంగా ఉన్నది. గర్భంలో రుబెల్లా సోకిన పిల్లలలో తరువాతి కాలంలో మధుమేహం ఎక్కువగా కనబడింది. ఆవుపాల మాంసకృత్తులను ముందే విడగొట్టిన పోతపాలు కాపాడతాయేమోనని 15 దేశాలలో పరీక్షించారు. ప్రయోజనం లేదని 2018లో తేలింది. వ్యాధి బయటపడటాన్ని సగటున రెండేళ్ళపాటు వాయిదా వేయగల టెప్లిజుమాబ్ అనే మందుకు 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. పూర్తి నివారణ మాత్రం నేటికీ లేదు.

"మీ తప్పేమీ లేదమ్మా" అని ఇప్పుడు చెప్పగలను. వినడానికి ఆ తల్లి లేదు. ఆ పిల్లవాడు నిరుడు మా ఇంటికి వచ్చాడు. యాభై దాటాయి. ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో ఇన్సులిన్ సీసాను నీళ్ళకుండలో దాచిన కథ చెప్పాడు. నేను ఈ చరిత్రంతా ఏకరువు పెట్టాను. ఓపికగా విని, "ఆనాడు నన్ను బయటికి పంపి ఉంటే చాలు కదండీ మాస్టారూ!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఉపాధ్యాయ మిత్రులకొక మనవి. పిల్లలెవరైనా పదేపదే నీళ్ళు తాగుతూ, మాటిమాటికి బయటికి వెళుతూ, చిక్కిపోతూ ఉంటే బెంచీ ఎక్కించకండి. ఆనాడే రక్తంలో చక్కెర చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి.

స్వస్తి.