పాత పీఎస్2కి ఎస్సెస్‌డీ ఎందుకూ అంటే...

"ఎద్దుబండికి ఏసీ పెట్టినట్టుంది నీ వరస" అన్నాడు మా ఆఫీసులో ఒక మిత్రుడు, పీఎస్2 కోసం ఎస్సెస్‌డీ కొన్నానని చెప్తే. అతనికి అక్కడికక్కడే జవాబు చెప్పడం కుదర్లేదు, ఎందుకంటే ఇది కాస్త వెనక్కి వెళ్ళి చెప్పుకోవాల్సిన సంగతి.

మా పొదిలిలో, ఆ మాటకొస్తే అటు మార్కాపురం, గిద్దలూరు దాకా, మా చిన్నప్పుడు వీడియో గేమంటే టీవీకి తగిలించే ఎనిమిది బిట్ల డబ్బానే. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి నకలు అది. కాసెట్ అనేవాళ్ళం గానీ అందులో టేపూ లేదు, తిరిగేదీ లేదు. ఉన్నదల్లా రోమ్ చిప్పు. గుచ్చితే ఆట మొదలు. రాకపోతే తీసి ఉఫ్ మని ఊది మళ్ళీ గుచ్చడం (ఆ ఊదుడు వల్ల ఉపయోగం లేదని తర్వాతెప్పుడో తెలిసిందనుకోండి). లోడింగ్ అనే మాటతో మాకు పని పడలేదు.

చిప్పులో చోటు తక్కువ, ఖరీదెక్కువ. అందుకే 1994లో సోనీ ప్లేస్టేషన్ సీడీతో వచ్చింది, 2000 మార్చిలో పీఎస్2 డీవీడీతో వచ్చింది. 4.7 జీబీ చోటు, అచ్చు వేయడం చవక. బదులుగా ఒక మోటారు, ఒక లేజరు కంటి తలనొప్పి వచ్చి పడ్డాయి. పలకల క్వారీల ఊళ్ళ చుట్టుపక్కల దుమ్ముకి కొదవా? మా బాబాయి కొడుకు దగ్గరున్న లావు పీఎస్2 మిగతా అంతా భేషుగ్గా ఉంది, ఆ కన్నొక్కటే పోయింది. డిస్కు పెడితే కాసేపు తిప్పి, నా వల్ల కాదు అంటుంది.

ఇక్కడే సోనీ ఇంజనీర్లకి దండం పెట్టాలి. ఆ లావు మోడల్ వెనకాల ఒక ఖాళీ అర వదిలారు. దాన్లో నెట్‌వర్క్ ఎడాప్టరూ హార్డుడిస్కూ పెట్టుకోవచ్చు. అమెరికాలో 2004 మార్చిలో ఫైనల్ ఫాంటసీ 11తో కలిపి 40 జీబీ డిస్కు అమ్మారు. అదే ఏడాది వచ్చిన స్లిమ్ మోడల్లో ఆ అర తీసేశారు! సోనీ వదిలేసిన పనిని ఔత్సాహికులు అందుకున్నారు. ఓపెన్ పీఎస్2 లోడర్ లాంటి ప్రోగ్రాములు రాసి, డిస్కుతో పని లేకుండా హార్డుడిస్కు నుంచే ఆట నడిచేట్టు చేశారు. ఎడాప్టరుకి ఉన్నది పాత ఐడీఈ కనెక్టరు. దాని స్థానంలో సాటా బోర్డు వేస్తే ఇప్పటి ఎస్సెస్‌డీ కూర్చుంటుంది.

వేగం గురించి ఆశ పెట్టుకోకండి. లోపల దారి సెకనుకి 66 ఎంబీ దాటదు, మెమరీ 32 ఎంబీ. ఎస్సెస్‌డీ సత్తాలో చాలాభాగం వృథా. మామూలు హార్డుడిస్కుకీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. అయినా చప్పుడు లేదు, కుదుపు భయం లేదు, ముఖ్యంగా ఆ లేజరుతో పని లేదు. నాకు కావాల్సింది అదే.

ఎందుకంటే పోయేది డబ్బా ఒక్కటే కాదు. 2009లో పీఎస్2 మీద 'హనుమాన్: బాయ్ వారియర్' అని ఒక ఆట వచ్చింది. తయారుచేసింది మన హైదరాబాదు కంపెనీ, అరోనా టెక్నాలజీస్. పూర్తిగా మనదేశంలోనే తయారైన తొలి కన్సోల్ ఆటగా దాన్ని చెప్పుకున్నారు. ఆటగా గొప్పదేమీ కాదు, సమీక్షకులు చీల్చి చెండాడారు. కానీ మన ఊళ్ళ కుర్రాళ్ళు టెస్టింగూ సపోర్టూ దాటి ఒక కన్సోల్‌కి కోడ్ రాసిన గుర్తు అది. 2013కల్లా పీఎస్2 తయారీ ఆగిపోయింది. డిస్కులు గీతలు పడుతున్నాయి, కళ్ళు పోతున్నాయి. సినిమా అయితే ఎవరో ఒకరు ఎక్కడో దాస్తారు, ఈ ఆటని దాచే నాథుడెవరు?

అన్నట్టు ఎస్సెస్‌డీ కూడా చిరంజీవి కాదు. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి పక్కన పడేస్తే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. కాబట్టి అది ఆడుకోవడానికే, దాచుకోవడానికి వేరే కాపీ ఉండాలి. మీ ఇంట్లో అటక మీద ఆ హనుమాన్ డిస్కు గనక ఉంటే, ఈ ఆదివారం దాని ఇమేజ్ తీసి పెట్టండి. పీసీలో ఉండే మామూలు డీవీడీ డ్రైవు చాలు.