గుత్తపనులు – పూచీకత్తులు

ప్రభుత్వకార్యములకు టెండర్లు పిలుచుట, గడువునాడు సీళ్లు విప్పి ధరలు పైకి చదువుట, తక్కువ ధర వ్రాసినవారికి పని నొప్పగించుట యను పద్ధతి చూపునకు ధర్మకాటావలె నిష్పక్షపాతమై కానవచ్చును. కాని అమెరికాలో నల్లజాతివారును స్త్రీలును ఆ కాటాదాక రాలేకపోవుటకు కారణము ధరలోకంటె పూచీకత్తులోనే యెక్కువగా నున్నది. 1935 నాటి మిల్లర్ చట్టము, 2,000 డాలర్లు మించిన కేంద్రప్రభుత్వ నిర్మాణములు చేపట్టు గుత్తేదారు, పని ముగించుటకొకటి, కూలీలకును సరకిచ్చినవారికిని సొమ్ము చెల్లించుటకొకటి, ఇట్లు రెండు పూచీలు చూపవలెనని శాసించెను. గుత్తేదారు నడుమ చేతులెత్తినచో కూలివాడు నష్టపోకుండుటకై యేర్పడిన ఆ నియమము మంచిదే. అయితే పూచీ వహించు సంస్థ, ఇదివరకు చేసిన పెద్ద పని యేదని యడుగును. పని చేసియున్నగాని పూచీ లేదు; పూచీ యున్నగాని పని లేదు.

1953లో నెలకొనిన చిన్న వ్యాపారముల పాలనాసంస్థ, తానే ప్రభుత్వమునుండి గుత్త పుచ్చుకొని చిన్నవారికి అప్పగించుటకు 1958 చట్టపు 8(ఎ) సెక్షను అవకాశ మిచ్చినను, 1960ల చివర నగరములు అల్లరులలో తగులబడిన పిమ్మటగాని అది నల్లజాతి వ్యాపారులకు అక్కరకు రాలేదు. పాలకులకు న్యాయబుద్ధి పొగ కనబడినగాని పుట్టదు కాబోలు! 1971లో పూచీసంస్థలకు ప్రభుత్వమే హామీగా నిలుచు పథకము వచ్చెను. 1977లో మేరీలాండ్ ప్రతినిధి ప్యారెన్ మిచెల్ పట్టుదలవలన 400 కోట్ల డాలర్ల ప్రజాపనులలో పదవవంతు అల్పసంఖ్యాకుల సంస్థలకు కేటాయింపబడెను.

ఈలోగా అట్లాంటాలో, 1973లో ఎన్నికై ఆ నగరమునకు తొలి నల్లజాతి మేయరైన మేనార్డ్ జాక్సన్, కొత్త విమానాశ్రయపు పనులలో నాలుగవవంతు అల్పసంఖ్యాకులకు దక్కవలెననియు, పెద్ద సంస్థలు వారిని భాగస్వాములుగా చేర్చుకొనవలెననియు పట్టుబట్టెను. నగరప్రముఖులు మండిపడిరి. జాక్సన్ చలింపలేదు. 1980 సెప్టెంబరులో విమానాశ్రయము తెరవబడెను.

ఈ చరిత్రను మలుపు త్రిప్పినవి మాత్రము రిచ్‌మండ్ నగరపు జైలులోని మరుగుదొడ్లు. జనములో సగము నల్లజాతివారైనను, ఐదేండ్ల ప్రధాన గుత్తలలో అల్పసంఖ్యాకుల సంస్థలకు 0.67 శాతమే దక్కినదని చూచి, 1983లో నగరసభ, గుత్తవిలువలో 30 శాతము వారికి ఉపగుత్తగా నీయవలెనని తీర్మానించెను. ఆ యేటనే జైలులో స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లు బిగించుటకు టెండరు వేసినది క్రోసన్ సంస్థ యొక్కటియే. తొట్లు సరఫరా చేయవచ్చిన నల్లజాతి వర్తకునికి సరకు అమ్మువారు, పరపతి విచారింపనిదే ధర చెప్పమనియు, అందుకు 30 దినములైనను పట్టుననియు పలికిరి. తుదకతడు ధర తెచ్చుసరికి గుత్తమొత్తము 7,663 డాలర్లు పెరుగునట్లు తేలెను. క్రోసన్ సంస్థ మినహాయింపు కోరగా నగరము నిరాకరించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టుదాక పోయెను. 1989లో ఆ న్యాయస్థానము, ఆ నగరపు నిర్మాణవృత్తిలో వివక్ష జరిగినదనుటకు తగిన నిదర్శనము లేదని తీర్మానమును కొట్టివేసెను. ఆ వర్తకునికి ధర చెప్ప నిరాకరించిన ముప్పది దినములకంటె నిదర్శన మేమి కావలెనో నాకు బోధపడదు. అది మొదలు నగరములు పండితులను నియమించి, తమ పూర్వపు అన్యాయమును రుజువు చేయు బృహద్గ్రంథములు వ్రాయించుకొనవలసివచ్చెను.

స్త్రీల మార్గము మరింత మందగతిని సాగెను. 1988 వరకు కొన్ని రాష్ట్రములలో వ్యాపారఋణమునకు స్త్రీ చేవ్రాలు చాలక, మగబంధువు చేవ్రాలు కూడ కావలసియుండెను. గుత్తలలో 5 శాతము స్త్రీల సంస్థలకు చేరవలెనను లక్ష్యము 1994లో చట్టమాయెను. కొన్ని టెండర్లను వారికే ప్రత్యేకించు అధికారము 2000లో ఈయబడగా, అందుకు నిబంధనలు అమలునకు వచ్చినది 2011లో. 5 శాతము మొదటిసారి అందినది 2015 ఆర్థికసంవత్సరమున.

మన దేశమున 2012 ఉత్తరువు కేంద్రప్రభుత్వ కొనుగోళ్లలో 20 శాతమును సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు నిర్దేశించి, అందులో 4 శాతము షెడ్యూల్డు కులములు, తెగలవారి సంస్థలకు కేటాయించెను. 2018లో ఆ మొత్తము 25 శాతమై, స్త్రీల సంస్థలకు 3 శాతము ప్రత్యేకింపబడెను. టెండరు ఫారముల వెలయు, ముందుగా కట్టు ధరావతు సొమ్మును ఈ పరిశ్రమలకు మాఫీ. పని దక్కిన తరువాత కట్టవలసిన పూచీసొమ్ము మాత్రము ఆ మినహాయింపులలో చేరలేదు.