సెయింట్ పాల్స్ పతన ప్రయోగాలు

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్ లోపల, ఎత్తైన గోపురం నుంచి గోళాలను జారవిడిచి గాలి నిరోధాన్ని పరీక్షించిన ప్రయోగాలివి. వీటి ఫలితాలను న్యూటన్ ‘ప్రిన్సిపియా’ తర్వాతి కూర్పుల్లో చేర్చాడు. 1710 జూన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ 220 అడుగుల ఎత్తు నుంచి గాజు గోళాలను వదిలాడు. పాదరసం నింపినవి సుమారు 4 సెకన్లలో నేలను తాకాయి. గాలి మాత్రమే ఉన్న పెద్ద గోళాలకు దాదాపు రెట్టింపు సమయం పట్టింది. 1719 జూలైలో జాన్ డెసాగులియర్స్ తడిపిన పంది మూత్రకోశాలను బోలు కొయ్య అచ్చులో ఉంచి, గాలి ఊది, ఆరబెట్టి గుండ్రని బుడగలు చేశాడు. 272 అడుగుల నుంచి వదిలితే సీసపు గుండు 4¼ సెకన్లలో దిగింది. బుడగలకు 17 నుంచి 22 సెకన్లు పట్టింది.

బరువైనదే వేగంగా పడుతుందనడానికి ఇదే రుజువు కదా అనవచ్చు. కానీ రెండు పౌండ్ల సీసం బరువు ఒక్కో బుడగకు పదుల రెట్లు ఉన్నా, సమయంలో తేడా నాలుగైదు రెట్లే. గాలి లేకుంటే ఆ దూరానికి ఏ వస్తువుకైనా 4.1 సెకన్లు చాలు. గాలి నిరోధం వస్తువు పరిమాణం, వేగాలను బట్టి పెరుగుతుంది. తేలికైన బుడగ విషయంలో అది త్వరలోనే బరువుకు సమానమవుతుంది. ఆపై వేగం పెరగదు. దీన్నే అంత్యవేగం అంటారు. ఇంచుమించు ఒకే పరిమాణంలోని బుడగల్లో బరువైనదే ముందుగా దిగడానికీ కారణమిదే. కాబట్టి పతనంలో కనిపించే తేడా గురుత్వానిది కాదు, గాలిది.