నిప్పు రంగు తెలిసిన పెద్దమ్మ

చిన్నప్పుడు చేగుంటలో కొలిమి దగ్గర గంటల తరబడి నిలబడేదాన్ని. నాగలికర్రు సాగగొట్టించుకోవడానికి వచ్చిన రైతులు చెట్టు కింద బీడీలు కాల్చుకుంటుంటే, తిత్తి లాగేది ఆ ఇంటి పెద్దమ్మ. ఇనుము ముదురెరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి పసుపుకు తిరగడం కళ్ళార్పకుండా చూసేది. "ఇగ తియ్యి" అంటేనే ఆమె భర్త పట్టుకారు అందుకునేవాడు. అయినా ఊరందరికీ అది 'ఆయన కొలిమి'. నాకూ అంతే.

చాలా ఏళ్ళ తర్వాత కాటియా క్రాఫ్ట్ గురించి చదువుతుంటే పెద్దమ్మ గుర్తొచ్చింది. 1942లో ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో పుట్టిన కాటియా, భర్త మోరిస్‌తో కలిసి దేశదేశాల అగ్నిపర్వతాలెక్కింది. వేడిని తిప్పికొట్టే వెండిరంగు దుస్తులు తొడుక్కుని, పారుతున్న లావా పక్కనే నిలబడింది. బసాల్టు లావా బయటికొచ్చేటప్పుడు దాదాపు 1100 డిగ్రీల సెల్సియస్ వేడి. అప్పుడది పసుపు, నారింజ. చల్లారేకొద్దీ ఎరుపు, పైన నల్లటి పొర. ఆ పొర కింద ప్రవాహం సాగుతూనే ఉంటుంది. నల్లబడిందల్లా చల్లారిందనుకుంటే కాలు పోతుంది. మా పెద్దమ్మకు తెలిసిన చదువే ఇది!

ఆమె వాయువుల నమూనాలు సేకరించింది, ఫోటోలు తీసింది. అతను సినిమా తీశాడు. పుస్తకాలు ఇద్దరూ రాశారు. కానీ 'క్రాఫ్ట్ దంపతులు' అనే ఒక్క మాటలో ఆమె పనిని విడిగా చూడటం మనం మర్చిపోతుంటాం.

1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ పేలి, బురద ప్రవాహంలో ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. ప్రమాదం ఉందని ముందే హెచ్చరికలున్నాయి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ అగ్నిపర్వత ప్రమాదాలను కళ్ళకు కట్టే వీడియో పనిలో పడ్డారు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ దగ్గర, వేడి బూడిదా వాయువులూ కలిసి దూసుకొచ్చిన ప్రవాహం వాళ్ళను మింగేసింది. ఆ రోజు పోయినవాళ్ళు 43 మంది. లావా పక్కన నిలబడొచ్చు, దీని ముందు నిలబడటం అసాధ్యం. జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలకముందు అక్కడి అధికారులకు, ప్రజలకు చూపించింది ఆ వీడియోనే. వేలాదిమంది ఊళ్ళు ఖాళీ చేసి బతికారు.

లావా మనకు పరాయిదేమీ కాదు. చేగుంట చుట్టూ ఉన్న గుట్టల గ్రానైటు కూడా ఒకప్పుడు కరిగిన రాయే. కాకపోతే సుమారు 250 కోట్ల ఏళ్ళ కింద భూమి లోపలే గడ్డకట్టింది. పడమరన నారాయణఖేడ్ వైపు వెళితే నల్లరేగడి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద దక్కన్ మీద పారిన లావా అరిగి అరిగి ఆ మట్టి అయింది. ఆ నేలలో తేమ చేత్తో పట్టి చూసేదీ, విత్తనం దాచేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పట్టాలు మాత్రం ఎక్కువగా మగవాళ్ళ పేరుమీదే.

మొన్న చేగుంట వెళ్ళాను. కొలిమి లేదు. పెద్దమ్మ పేరేమిటని ముసలివాళ్ళను అడిగాను. ఆయన పేరు చప్పున చెప్పారు. ఆమె? "ఆయన భార్యనే గదా బిడ్డా" అన్నారు.

వాళ్ళను ఏమనగలను? కాటియా ఫోటోల కింద ఆమె పేరుంది. అన్ని రోజులు ఆ కొలిమి పక్కన నిలబడి, పెద్దమ్మ పేరు నేనూ ఎన్నడూ అడగలేదు.