గేరు కడ్డీ పొడవెంత ఉండాలి?

1944లో, నాటి చిత్తూరు జిల్లాలో, తిరుపతి నుండి తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు ఏర్పడింది. పాత కాలపు బస్సు ఆ మలుపు లెక్కాలంటే డ్రైవరు క్లచ్చిని రెండుసార్లు తొక్కి, నడుమ ఇంజను వేగం పెంచి, పొడవాటి గేరు కడ్డీని లాగవలసి వచ్చేది. లేకుంటే పళ్లచక్రాలు గరగరలాడతాయి. వేర్వేరు వేగాలతో తిరిగే చక్రాలు ఒకదానితో ఒకటి కలవవు కదా!

1929 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఈ చిక్కు తీర్చింది. అందులో ఒక వలయం ఒరిపిడితో ముందుగా వేగాలను సమం చేస్తుంది. చేతికి శ్రమ తగ్గాక, స్పోర్ట్స్ కార్ల వారి కన్ను కడ్డీ కదిలే దూరంపై పడింది. షార్ట్ షిఫ్టర్ అనే పొట్టి కడ్డీ అందుకే.

కడ్డీ ఒక తులాదండం. ఆధార బిందువుకు పైన 30, క్రింద 5 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. క్రింది కొన 2 సెంటీమీటర్లు జరగాలంటే చేయి 12 జరగాలి. పై భాగాన్ని 20కి కోస్తే 8 చాలు. క్రింది భాగాన్ని 7.5కు పెంచినా అంతే. పైగా పిడి ఎత్తు మారదు కనుక ఇదే మేలు. అయితే రెండింటిలోనూ బలం ఒకటిన్నర రెట్లు కావాలి.

కడ్డీ పొట్టిదైనంత మాత్రాన వలయం త్వరపడదు. తొందరించి గుద్దితే అదే అరుగుతుంది. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చింది; నేడు పాతది దిగడానికే. బ్రేకులు వేడెక్కకుండా అక్కడ తక్కువ గేరులో దిగాలి. వలయం అరిగిన కారుకు ఆ గేరు పడకపోతే బరువంతా బ్రేకుల మీదే.