పనిచోటి కట్టుబాటు: చిన్నమనూరు కాలువ నుంచి కోయంబత్తూరు మిల్లు దాకా



ఒకే ఊళ్ళో రెండు మిల్లులున్నాయనుకోండి. యంత్రాలు ఒకటే, జీతాలూ ఇంచుమించు ఒకటే. అయినా ఒక మిల్లులో నూలు తెగుతుంటే పనివాడు వెంటనే మేస్త్రికి చెబుతాడు. రెండోదానిలో చెప్పడు, చెబితే తనకే ముప్పని భయపడతాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనినే ఇప్పటివారు సంస్థాగత సంస్కృతి అంటున్నారు. మన పెద్దల మాటలో చెప్పాలంటే అది పనిచోటి కట్టుబాటు.

అమెరికాలో ఎడ్గర్ షైన్ అనే ఆచార్యుడు 1985లో ప్రచురించిన గ్రంథంలో దీనికి మూడు పొరలున్నాయన్నాడు. కంటికి కనిపించేవి మొదటి పొర. సంస్థ తన గురించి తాను చెప్పుకొనే విలువలు రెండోది. ఎవరూ నోటితో చెప్పనక్కరలేకుండానే అందరూ నమ్మి నడుచుకొనేవి మూడోది. అసలు బలం ఈ మూడోదానిలోనే ఉంది. అది ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి మనవాళ్ళు తరతరాలుగా స్థిరపడిన దక్షిణ సీమకు ఒకసారి వెళ్ళి వద్దాం.

తేని నుంచి కంబం వెళ్ళే దారిలో చిన్నమనూరు ఉంది. పాండ్యరాజుల తామ్రశాసనాలు దొరికిన పాత ఊరు. 1996లో తేని జిల్లా ఏర్పడక ముందు ఇది మదురై జిల్లాలోనిదే. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చాక పాళెగాళ్ళ వెంట, సైన్యాల వెంట తెలుగు కుటుంబాలు ఈ సీమలో విస్తరించాయి. కమ్మవారు, బలిజలు, రాజకంబళంవారు వారిలో ముఖ్యులు. రేగడి నేలను సాగుచేయడం తెలిసిన రైతులకు ఇక్కడి పత్తిచేలు పరాయివిగా తోచలేదు.

ఈ లోయకు ప్రాణం నీరు. 1895 అక్టోబరులో పెరియారు ఆనకట్ట ప్రారంభమై, కొండలోని సొరంగం గుండా నీరు తూర్పుకు మళ్ళింది. లోయలో వరి రెండు కార్లు పండింది. కాలువ నీరు వంతుల ప్రకారం పారాలి. పై మడివాడు గట్టు కట్టకపోతే కింది మడి ఎండుతుంది. కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావాలి. తమిళసీమలో దీనిని కుడిమరామత్తు అన్నారు. 1858లో మద్రాసు ప్రభుత్వం దీనిని చట్టంగా చేసింది. కానీ ఊరి కట్టుబాటు సడలిన చోట ఆ చట్టం దానిని నిలబెట్టలేకపోయింది. గమనించండి: నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన అలవాటు కాదు. పక్కవాడు కూడా పాటిస్తాడన్న నమ్మకం ఉన్నప్పుడే అవుతుంది. ఇది మొదటి సంగతి.

రెండోది, స్థాపకుడి నడత. కోయంబత్తూరులో 1888లో రాబర్ట్ స్టేన్స్ మొదటి నూలుమిల్లు పెట్టారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సును స్థాపించారు. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని నాలుగు భాగాలు కాక ఐదు భాగాలు చేశారు. ఐదోది ధర్మానికి. ఆ ట్రస్టు నుంచే బడులు, పారిశ్రామిక శిక్షణశాల, 1951లో ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. యజమాని తన లాభంలో ఎంత తనదనుకుంటాడో పనివాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. చూస్తూనే ఉంటాడు.

ఇక కాలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు సంగతి. మోటారు సైకిలు కొనాలని హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, కొన్న బండిని విప్పి మళ్ళీ బిగించి నేర్చుకున్న మనిషి. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడిపారు. అదే యునైటెడ్ మోటార్ సర్వీసుగా పెరిగింది. వేళకు బయలుదేరడం, వేళకు చేరడం ఆ బస్సులకు పేరు తెచ్చింది. చేత్తో పని తెలిసిన యజమాని దగ్గర పనివాడికి సాకులు చెల్లవు. అలాగే పనితనానికి మన్నన దొరుకుతుంది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి ఆయన దేశంలోనే విద్యుత్ మోటారు తయారు చేయించగలిగారంటే, విప్పి చూడటానికి జంకని ఆ అలవాటే కారణం.

మూడోది, మనుషులు పనిలోకి వచ్చే దారి. పాతకాలపు మిల్లుల్లో మేస్త్రి, కొండమీది తేయాకు తోటల్లో కంగాణి, కూలీలను తెచ్చేవారు. చిన్నమనూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే మేఘమలై తోటలను చూస్తే తోట బతుకు ఎలాంటిదో తెలుస్తుంది. అక్కడ ఇల్లు తోటదే, దారి తోటదే. తెచ్చినవాడి చేతిలోనే పని, జీతం, అప్పు అన్నీ ఉంటే కూలివాడు నోరు విప్పలేడు. మిల్లుల్లోనూ బంధుత్వం, ఒకే భాష నమ్మకాన్ని పెంచిన మాట నిజమే. అవే బయటివాడికి గోడలయిన మాట కూడా అంతే నిజం. అన్నా, మామా అని పిలుచుకున్నంత మాత్రాన అందరికీ ఒకే న్యాయం జరిగిందని చెప్పలేం.

నాలుగోది, ఎదురు చెప్పే హక్కు. కోయంబత్తూరు చరిత్రలో ధర్మసత్రాలే లేవు, ఉరికొయ్యా ఉంది. రంగవిలాస్ మిల్లు ఘర్షణల్లో జరిగిన హత్య కేసులో చిన్నియంపాళయానికి చెందిన నలుగురు కార్మికులను 1946 జనవరి 8న ఉరితీశారు. అదే ఏడాది స్టేన్స్ మిల్లు కార్మికులపై కాల్పులు జరిగాయి. ఆ తరువాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనిని వారానికి 48 గంటలకు కట్టడి చేసింది. 1951 నాటి తోటకార్మికుల చట్టం ఇల్లు, వైద్యం, పసిపిల్లల సంరక్షణ యజమాని బాధ్యత అన్నది. యజమాని దయగా ఇచ్చినది ఆయనతో పోవచ్చు. హక్కుగా వచ్చినది నిలుస్తుంది. మంచి సంస్థలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

శ్రోతలారా, మన సరిహద్దు జిల్లాల్లోనూ పరిశ్రమలు పెరిగాయి. మన పిల్లలు వాటిలో చేరుతున్నారు. ఎక్కడ చేరినా గోడమీది సూక్తులు చదివి ఊరుకోవద్దని చెప్పండి. తప్పు జరిగిందని మొదట చెప్పినవాడిని అక్కడ ఏమంటారు? పై అధికారి కూడా వేళకు వస్తాడా? బంధువుకూ బయటివాడికీ ఒకే తూకమా? ఈ మూడూ అడిగి తెలుసుకుంటే చాలు, ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది. కాలువ నీరు కింది మడి దాకా చేరిందా లేదా అన్నదే చిన్నమనూరు రైతు చూసేది. కట్టుబాటుకు కొలత కూడా అదే.